గడ్డ కనబడితే సంచి కోసేయడమేనా?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం జిల్లా పేజీలో 'గర్భసంచిలో గడ్డలా? ఆలస్యం చేస్తే క్యాన్సరే' అని వేశారు. పక్కనే ఉచిత శిబిరం ఫొటో, రిబ్బను కత్తిరిస్తున్న పెద్దమనుషులు. అది వార్తో ప్రకటనో మీకే తెలియాలి. డాక్టర్లెవరైనా తప్పని రాస్తారేమోనని నాలుగు రోజులు చూశాను. ఒక్కరూ రాయలేదు.

ఆ గడ్డల్లో ఎక్కువ భాగం ఫైబ్రాయిడ్లు. గర్భసంచి గోడలోని కండరమే ముద్దకట్టి పెరగడం అది. క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారడం చాలా చాలా అరుదు. అవి ఉన్న ఆడవాళ్లలో సగానికి పైగా మందికి ఆ సంగతే తెలియదు. ముట్లుడిగాక వాటంతటవే చిక్కిపోతాయి. ముట్లుడిగిన తర్వాత పెరిగితేనే అనుమానించాలి. మీ వార్తలో ఈ ఒక్క ముక్కకు చోటు దొరకలేదు!

గడ్డ ఎంత ఉందన్నదానికంటే ఎక్కడుందన్నది ముఖ్యం. సంచి బయటి గోడకు నిమ్మకాయంత గడ్డ వేలాడుతున్నా ఏ బాధా ఉండకపోవచ్చు. లోపలి పొర కిందికి తోసుకొచ్చింది బఠాణీ గింజంతదైనా నెలనెలా గడ్డలు గడ్డలుగా రక్తం పోయేలా చేస్తుంది. శిబిరంలో మనిషికో నిమిషం చేసే స్కానింగులో ఈ తేడా తేలదు. పొట్ట మీద పెట్టి చూసేటప్పుడు మూత్రాశయం నిండి ఉండాలి, లోపలి నుంచి చూసే టీవీఎస్‌కు ఖాళీగా ఉండాలి. పొద్దున్నే ఆటోల్లో తెచ్చి వరసలో నిలబెట్టిన వాళ్లకు ఈ మాట ఎవరు చెబుతారు? రిపోర్టులో 'బల్కీ యుటెరస్' అని ఉంటే చాలు, 'సంచి వాచింది' అంటారు. ఇద్దరు ముగ్గురు బిడ్డల్ని కన్న సంచి కొంచెం పెద్దగానే ఉంటుంది. 'నబోతియన్ సిస్టు' అంటే సంచి మూతి దగ్గర నీటి బుడగ, దానికి వైద్యమే అక్కర్లేదు. మూతి ఎర్రగా కనిపిస్తే 'పుండు పడింది, పుచ్చిపోతోంది' అని ఆర్‌ఎంపీ తీర్పు. తెల్లబట్టకు సంచి తీసేయడం ఏ వైద్యశాస్త్రంలో ఉందో ఆయన్నే అడగాలి.

క్యాన్సర్ భయమే ఉంటే దానికి పరీక్షలున్నాయి. 45 దాటాక నెలసరి అదుపు తప్పినా, ముట్లుడిగిన ఏడాదికో రెండేళ్లకో మళ్లీ రక్తం కనిపించినా లోపలి పొర చూడాలి. ముట్లుడిగి రక్తం కనిపించిన మనిషికి టీవీఎస్‌లో ఆ పొర మందం 4 మి.మీ. దాటితే ముక్క తీసి పరీక్షకు పంపాలి. సన్నటి గొట్టంతో ఐదు నిమిషాల పని, చాలామందికి మత్తు కూడా అక్కర్లేదు. గర్భసంచి మూతికి పాప్ స్మియర్ (అక్కడి కణాలు తీసి చూసే పరీక్ష) వేరే. ఈ రెండూ చెయ్యకుండా ఆపరేషన్ తేదీ ఇచ్చేవాళ్లు క్యాన్సర్ పేరెత్తకూడదు.

వైద్యం సంగతి. ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూడాలి. రక్తం ఎక్కువగా పోయే నాలుగైదు రోజులు ట్రానెక్సామిక్ యాసిడ్ 500 మి.గ్రా. మాత్రలు రెండేసి, రోజుకు మూడుసార్లు ఇస్తారు. ఇది డాక్టరు చెప్తేనే వాడాలి. కాలి సిరల్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లకు పనికిరాదు. సంచి లోపల 52 మి.గ్రా. హార్మోను లూపు వేస్తే ఏళ్ల తరబడి రక్తస్రావం బాగా తగ్గుతుంది. మొదటి మూడు నుంచి ఆరు నెలలు చుక్కలు చుక్కలుగా కనిపిస్తుందని ముందే చెప్పరు. రెండో నెలకే 'ఇది పడలేదు' అని తీయించుకుంటారు. గడ్డ సంచి లోపలికి పొడుచుకొచ్చి ఉంటే లూపు జారిపోతుంది కూడా. అండాశయాల హార్మోన్లను తాత్కాలికంగా ఆపడానికి నెలకొకటి చొప్పున మూడు నెలలు వేసే 3.75 మి.గ్రా. ఇంజెక్షన్‌తో గడ్డ చిక్కుతుంది, ఆపితే మళ్లీ పెరుగుతుంది. అది ఆపరేషన్‌కు ముందు రక్తం పట్టించుకోవడానికే. పిల్లలు కావాలనుకునేవాళ్లకు గడ్డ ఒక్కటే తీసి సంచి ఉంచవచ్చు. లోపలికి తోసుకొచ్చిన చిన్న గడ్డనైతే పొట్ట కోయకుండా హిస్టెరోస్కోపీతో, అంటే కెమెరా ఉన్న సన్నటి గొట్టంతో, కింద నుంచే తీస్తారు.

సంచి తీయడమే తప్పని నేననను. మూత్రనాళాన్ని నొక్కేంత పెద్దదైతే, మందులన్నీ వాడినా రక్తం ఆగకపోతే, ఆ మనిషి అన్నీ తెలుసుకుని తానే కోరితే తీయాల్సిందే. 'ఇంక పిల్లలెందుకు, తీసేస్తే పీడా పోతుంది' అని 35 ఏళ్లకే తీయడం, పనిలో పనిగా అండాశయాలు కూడా తీయడం ఘోరం. అండాశయాలు పోతే ఒంట్లో ఆవిర్లు, ఎముకల అరుగుదల, గుండెజబ్బు ముందే వస్తాయి. ఫ్లోరైడు నీళ్లతో మోకాళ్లు పట్టేసిన ఉదయగిరి, కనిగిరి వైపు ఆడవాళ్లకు ఇదొకటి తక్కువైంది! పొగాకు గ్రేడింగుకో నాట్లకో పోయే మనిషికి నెలకు ఎనిమిది రోజుల కూలి పోతుంటే, తీయించుకుంటే బాగుండనిపిస్తుంది. ఆ అవసరం మీదే ఈ వ్యాపారం నడుస్తోంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 9 శాతం మందికి సంచి లేదు. దేశం మొత్తమ్మీద అది 3 శాతం చిల్లర. అనవసర ఆపరేషన్లు ఆపడానికి కేంద్రం 2022లో మార్గదర్శకాలిచ్చింది. 2023లో సుప్రీంకోర్టు వాటిని మూడు నెలల్లో అమలు చేయమని రాష్ట్రాలకు చెప్పింది. జిల్లాకో పర్యవేక్షణ కమిటీ ఉండాలి. మన జిల్లాలో అది ఎన్నిసార్లు కూర్చుందో, ఎవరి రికార్డులు తెరిచిందో మీ విలేకరిని పంపి రాయించండి. శిబిరాలకు రిబ్బను కత్తిరించడానికి తీరిక ఉన్న అధికారులకు దీనికీ ఓ పూట దొరక్కపోదు.

ఇంకొకటి. తీసిన సంచిని ట్రేలో పెట్టి బయట కూర్చున్న భర్తకు చూపించి 'చూశారా ఎలా ఉందో' అంటారు. చూపించాల్సింది పేథాలజిస్టుకు, అంటే తీసిన ముక్కను పరీక్షించే డాక్టరుకు. సంచిని కోసి తెరిచి, కుళ్లకుండా కాపాడే పది శాతం ఫార్మలిన్ మందులో బాగా మునిగేలా పెట్టి పంపాలి. తెరవకుండా పడేస్తే మందు లోపలికి దిగదు, లోపలి పొర పాడైపోతుంది, చూడాల్సిందే కనిపించదు. ఆ రిపోర్టు ఎంతమంది చేతికి వస్తోంది? అడిగితే డిశ్చార్జి కాగితం ఇచ్చి పంపుతారు. కేసు కాగితాలు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య నియమావళే చెబుతోంది. ఇవ్వకపోతే ఎవరికి ఫిర్యాదు చేయాలో ప్రతి ఆసుపత్రి కౌంటర్ దగ్గర, తెలుగులో, కళ్లద్దాలు లేకుండా చదవగలిగేంత అక్షరాలతో రాయించమనండి.

– రిటైర్డు హెడ్ నర్సు, కావలి