మ్యాన్‌హోల్ చావుల వార్త ఒక్కరోజుతో ఆగిపోకూడదు

సంపాదకులకు నమస్కారం.

మ్యాన్‌హోల్స్‌లో, సెప్టిక్ ట్యాంకుల్లో దిగి చనిపోతున్న కార్మికుల కోసం మొన్న ఆదివారం ఇందిరా పార్కు ధర్నా చౌక్‌లో ప్లకార్డులు పట్టుకుని కూర్చున్నవాళ్లలో నేనూ ఉన్నాను. రోడ్డు ఆపలేదు, ఎవరినీ తిట్టలేదు. అయినా ఒకాయన బండి స్లో చేసి "డబ్బులిస్తే వాళ్లే దిగుతారు, మధ్యలో మీకేంటమ్మా" అని వెళ్లిపోయాడు. జవాబు వినే టైమ్ ఆయనకు లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

వాళ్లు ఒప్పుకున్నా దించకూడదండీ. మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ పరికరాలు ఇవ్వకుండా మనిషిని అందులోకి దించడం నేరం, మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, లేదా 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఇది మున్సిపాలిటీకీ కాంట్రాక్టరుకే కాదు, ఎవరినో పిలిపించి ట్యాంకు కడిగించుకునే మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్లకూ వర్తిస్తుంది.

లోపల ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది, కానీ మోతాదు బాగా పెరిగితే ముక్కు మొద్దుబారి ఆ వాసనా తెలియదు, మనిషి అరిచేలోపే పడిపోతాడు. అతన్ని లాగడానికి ఇంకొకరు దిగుతారు, వాళ్లూ పోతారు. 2015 నవంబరులో కోజికోడ్‌లో మ్యాన్‌హోల్‌లో చిక్కుకున్న ఇద్దరు ఆంధ్రా కూలీలను కాపాడబోయి, వాళ్లెవరో కూడా తెలియని అక్కడి ఆటో డ్రైవర్ వాళ్లతో పాటే చనిపోయాడు.

పారిశుధ్య కార్మికుల కోసం పోరాడే సఫాయి కర్మచారి ఆందోళన్ సంస్థ 2022లో "మమ్మల్ని చంపడం ఆపండి" అంటూ దేశమంతా ప్రచారం చేసింది. దాన్ని నడిపించే బెజవాడ విల్సన్‌కు 2016లో మెగసెసే అవార్డు వస్తే మనవాడే అని మురిసిపోయాం, ఆయన అడిగేది మాత్రం చెవికెక్కించుకోలేదు.

ఇక మీ పేపర్ సంగతి. "ఊపిరాడక ఇద్దరు మృతి" అని జిల్లా పేజీలో నాలుగు లైన్లు వేస్తారు, మర్నాటికి ఆ ఊసే ఉండదు. మృతుల కుటుంబాలకు పరిహారం 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచుతూ సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో తీర్పిచ్చింది. ఇలాంటి చావు జరిగిన నెల తర్వాత ఒకసారి విలేకరిని ఆ ఇంటికి పంపించండి. ఆ డబ్బు అందిందా, దించినవాళ్ల మీద 2013 చట్టం కింద కేసు పెట్టారా, అసలు వాళ్ల పేరు ఎఫ్‌ఐఆర్‌లో ఉందా, కనుక్కుని వేయండి. ధర్నా ఫోటో వేయకపోయినా ఫర్వాలేదు.

– ఒక పాఠకురాలు, హైదరాబాద్