బుజ్జమ్మకు నాన్న ఉత్తరం

చిరంజీవి బుజ్జమ్మకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. పదిహేను రోజులుగా నీ ఫోన్ లేదు. పరీక్షల టెన్షన్‌లో ఉందిలే అని మీ అమ్మకు సర్దిచెబుతున్నాను. నిద్ర సరిగా పోతున్నావా? మంచం మీద బోర్లా పడుకుని లెక్కలు చేయకు, మెడ పట్టేస్తుంది.

నిన్న పెద్దత్త ఫోన్ చేసి, లెక్కలు నీకు రావనీ, మానేస్తాననీ అన్నావని చెప్పింది. నిజమేనా అని అడగను. చెప్పాలనిపిస్తే నువ్వే చెబుతావు.

మొన్న నీ అలమర సర్దుతుంటే పాత రఫ్ నోట్సు దొరికింది. అందులో 5 − 2(ఎక్స్ − 3) = 1 అనే లెక్క ఉంది. కింద ఒక్క గంతులో ఎక్స్ = −1 అని రాసి, పేజీ చిరిగేలా కొట్టేశావు. నేను కూర్చుని నిదానంగా చేశాను. బయటున్న −2 లోపలి రెండింటినీ గుణించాలి. −2ని −3తో గుణిస్తే +6, నువ్వు −6 వేసుకున్నావు. 5, 6 కలిపితే 11. 11 − 2ఎక్స్ = 1, అంటే 2ఎక్స్ = 10, ఎక్స్ = 5. వెనక్కి పెట్టి చూడు: 5 − 2(2) = 1, సరిపోయింది. నీ −1 పెడితే 13 వస్తుంది. తప్పింది ఒక్క గుర్తు దగ్గరే తల్లీ. మధ్య లైను రాసి ఉంటే నీకే కనిపించేది. ప్రతి లైనూ రాయి, చివర సరిచూసుకో, మనసులో చేసేసి... చూశావా, ఉపదేశాలు వద్దనుకుంటూనే మొదలుపెట్టాను.

నీ వయసులో నాకు సంభావ్యత దగ్గర ఇలాగే అయింది. రెండు నాణేలు ఎగరేస్తే కనీసం ఒక బొమ్మ పడే సంభావ్యత ఎంత? రెండూ బొమ్మలు, ఒకటి బొమ్మ ఒకటి బొరుసు, రెండూ బొరుసులు, మొత్తం మూడు రకాలు కదా అని 2/3 వేశాను. మాస్టారు కొట్టేయలేదు. జేబులోంచి రెండు నాణేలు తీశారు, ఒకటి కొత్తది, తళతళలాడుతోంది, ఇంకొకటి అరిగి నల్లబడింది. 40 సార్లు ఎగరేసి గీతలు పెట్టమన్నారు. ఏడెనిమిది సార్లయ్యాక నా చెయ్యి ఆగిపోయింది. తెల్లది బొమ్మ, నల్లది బొరుసు పడటం వేరు, తెల్లది బొరుసు, నల్లది బొమ్మ పడటం వేరు. ఆ రెండింటినీ నేను ఒకటిగా లెక్కపెట్టాను. ఉన్నవి నాలుగు, బొమ్మ లేనిది ఒక్కటే. 1 − 1/4 = 3/4. "కనీసం" అన్న మాట కనిపిస్తే ముందు "ఒక్కటీ పడకపోతే?" అని చూడాలని ఆ రోజే పట్టుబడింది.

ఎన్నో ఏళ్లకు చదివాను, ఫ్రాన్స్‌లో అంత పెద్ద గణితవేత్త డాలంబేర్ కూడా 1754లో ఇదే ప్రశ్నకు 2/3 అని వాదించాడట. ఆయనకు లెక్కలు రావని ఎవరంటారు?

పెద్దత్త విన్నది తప్పే అయి ఉంటుంది. అయినా ఆ కొట్టేసిన లెక్క ఒక్కసారి మళ్లీ చెయ్యి, రెండు పాచికలు వేస్తే కనీసం ఒక 6 పడే లెక్క కూడా. నాకు 11/36 వచ్చింది. నీకెంత వచ్చిందో చెప్పు. కాగితం ఫోటో తీసి పంపు, కొట్టివేతలతో సహా. కళ్లజోడు పెట్టుకుని చెయ్యి. ఆదివారం ఫోన్ దగ్గరే ఉంటాను.

నాన్న