పలాస లాబ్‌లో పనిచేసే చెల్లికి, ఇంకా అందరికీ కృతజ్ఞతలు

ఇప్పుడే పాపకి పాలు పిండి ఇచ్చి వచ్చాను. కుట్లు లాగుతున్నాయి, ఎక్కువసేపు కూర్చోలేకపోతున్నాను, అయినా ఇది ఇవాళే రాసేయాలి. ఇంటికెళ్ళి పనుల్లో పడితే ఇందులో సగం చెప్పకుండానే ఉండిపోతుంది. పాప నెలలు నిండకుండా పుట్టింది, బరువు కేజీ ఏడు వందల గ్రాములు. శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో పసిపిల్లల ప్రత్యేక వార్డులో ఉంచారు. ఊపిరి తనంతట తనే తీసుకుంటోంది. నేనూ బాగానే ఉన్నాను. ఫోన్లు చేసి కంగారు పడిన వాళ్ళందరికీ ముందు ఈ మాట.

మా అమ్మ నా పక్కనే ఉంది, మా ఆయన హైదరాబాద్ నుంచి రాత్రికి రాత్రి వచ్చారు, అత్తమ్మ ఇంటి దగ్గర మావయ్యగారిని చూసుకుంటోంది. వీళ్ళకి నేను థ్యాంక్స్ చెప్తే తిడతారు.

నేను చెప్పాల్సింది ఒక అమ్మాయి గురించి. పలాసలో ఒక చిన్న ప్రైవేటు లాబ్‌లో టెక్నీషియన్. ఇరవై మూడో ఇరవై నాలుగో ఏళ్ళుంటాయి. పేరు రాయొద్దని ఒట్టు వేయించుకుంది కాబట్టి చెల్లి అనే రాస్తాను. ఆ రోజు మధ్యాహ్నం వరకూ తను ఎవరో నాకు తెలీదు.

నాకు ఎనిమిదో నెల నడుస్తోంది. పాదాలు వాచాయి. నెలలు నిండే కొద్దీ కాళ్ళకి నీరు పడుతుంది అన్నారు, నిజంగానే చాలామందికి పడుతుంది. తర్వాత పొద్దున్న లేచేసరికి మొహం కూడా ఉబ్బడం మొదలైంది. వేలికి ఉంగరం బిగిసిపోయింది. తలనొప్పికి పారాసెటమాల్ వేసుకుంటే తగ్గాలి కదా, తగ్గలేదు. కుడి పక్క డొక్క కింద పట్టేసినట్టు నొప్పి వస్తే గ్యాస్ అన్నారు. ఒకరోజు అన్నం వడ్డిస్తుంటే కళ్ళ ముందు మెరుపులు మెరిసినట్టయి గిన్నె కనిపించలేదు. ఆ శనివారమే అమ్మని తీసుకుని ఆసుపత్రికి వెళ్ళాను.

ఆ ఆసుపత్రి పేరు రాయను. కానీ జరిగింది రాస్తాను. పైన చెప్పినవన్నీ ఒక్కటి కూడా వదలకుండా చెప్పాను. స్కాన్ చేశారు. బిడ్డ గుండె బాగా కొట్టుకుంటోంది, ఉమ్మనీరు బాగుంది, అంతా నార్మల్ అన్నారు. బీపీ చూడమని అడిగితే మెషీన్ బ్యాటరీ అయిపోయిందన్నారు. యూరిన్ టెస్టు బయట లాబ్‌లో చేయించి రిపోర్టు సోమవారం తెచ్చి చూపించమన్నారు. సరేనని లాబ్‌లో శాంపిల్ ఇచ్చి, ఎండలో నడుచుకుంటూ బస్టాండుకి వచ్చి వజ్రపుకొత్తూరు బస్సు కోసం కూర్చున్నాం.

మా ఊరి బస్సు వచ్చింది కూడా. అమ్మ సంచి ఎత్తుకుంది. అప్పుడు ఒక అమ్మాయి స్కూటీని రోడ్డు మీదే వదిలేసి, చేతికి గ్లౌజులతోనే పరుగెత్తుకుంటూ వచ్చింది.

"అప్పా, ఇందాక శాంపిల్ ఇచ్చింది మీరే కదా? బస్సు ఎక్కకండి." అప్ప అంటే మా వైపు అక్క.

నేను ఇచ్చిన నంబరుకి చాలాసార్లు చేసిందట. నా ఫోన్ చార్జింగ్ అయిపోయి ఆగిపోయింది. పక్క మందుల షాపులో అడిగితే బస్టాండు వైపు వెళ్ళారని చెప్పారట. రిపోర్టులో ఆల్బుమిన్ దగ్గర మూడు ప్లస్‌లు ఉన్నాయి, అంటే మూత్రంలో ప్రొటీన్ బాగా పోతోందని. ఆ కాగితం కవర్లో పెట్టి సోమవారం కోసం పక్కన పడేసి ఉంటే తనని ఎవరూ అడిగేవారు కాదు. శాంపిల్ చూడటంతో తన పని అయిపోయింది. తనకిచ్చే జీతం అంతవరకే.

మాది ఉద్దానం. మూత్రంలో ప్రొటీన్ పోతోందంటే మాకు ఎవరూ వివరించక్కర్లేదు. మా మావయ్యగారు డయాలసిస్ మీద ఉన్నారు. కిడ్నీ ఎలా ఉందో చెప్పే రక్తపరీక్ష అంకె, క్రియాటినిన్, మా వీధిలో ఎవరిది ఎంతో ఎవరిని అడిగినా చెప్తారు. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలని ఆ కిడ్నీ జబ్బు చేతిలో మేము చాలామందిని పోగొట్టుకున్నాం. అందుకే మూడు ప్లస్‌లు అనగానే అమ్మ బస్టాండులోనే నేల మీద కూలబడి ఏడుపు అందుకుంది. నాకు నోట మాట రాలేదు. కడుపులో బిడ్డతో పాటు నాకూ కిడ్నీ వచ్చేసిందనే అనుకున్నాను.

చెల్లి అమ్మ పక్కనే నేల మీద కూర్చుంది. "అమ్మా, ఇది ఆ కిడ్నీ జబ్బే అని ఎందుకనుకుంటావు? కడుపుతో ఉన్నోళ్ళకి బీపీ పెరిగినా ఇలాగే ప్రొటీన్ పోతుంది. దానికి వైద్యం ఉంది. కానీ ఇప్పుడే చూపించాల, సోమవారం దాకా కాదు" అంది. ఎంత నెమ్మదిగా చెప్పిందంటే, అమ్మ ఏడుపు ఆపి లేచి కొంగు సర్దుకుంది.

మందుల షాపులో బీపీ చూస్తే 170/112. తప్పు చూపించిందేమోనని ఆయన కాసేపాగి మళ్ళీ చూశాడు. అంతే ఉంది.

తర్వాత దగ్గర్లో ఉన్న ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్ళింది. దాని పేరూ వద్దు. అక్కడ నా మొహం వైపు చూడకుండానే శ్రీకాకుళానికి రిఫర్ చీటీ రాసేశారు. చెల్లి ఒక్కటే అడిగింది. "మేడమ్, మెగ్నీషియం మొదటి డోసు వేసి పంపరా? దారిలో ఫిట్స్ వస్తే?" దానికి వచ్చిన జవాబు, "లాబ్ దానివి, నువ్వు డాక్టర్‌వా?" అందరి ముందూ అన్నారు. తన మొహం ఎర్రబడింది. కానీ కదల్లేదు. ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు లేబర్ రూములో ఒకావిడకి ఇలాగే ఫిట్స్ రావడం తన కళ్ళతో చూసిందట. గుమ్మం దగ్గరే నిలబడి, "సూది వేస్తేనే వీళ్ళని తీసుకెళ్తాను" అంది. చివరికి లోపల్నుంచి ఒక పెద్ద సిస్టర్ గారు వచ్చి డాక్టరుతో మాట్లాడి, నడుము కింద రెండు వైపులా ఆ సూదులు వేశారు, బీపీకి మాత్ర కూడా మింగించారు.

ఇలాంటి కేసుని పెద్దాసుపత్రికి పంపేముందు ఆ మొదటి మోతాదు ఇచ్చే పంపాలని ప్రభుత్వ మార్గదర్శకాల్లోనే ఉందని శ్రీకాకుళం డాక్టరమ్మ తర్వాత చెప్పారు. పీహెచ్‌సీలో కూడా ఇవ్వొచ్చట. మరి ఆ పిల్ల ఎందుకు మాట పడాల్సి వచ్చింది?

108 వచ్చింది. అమ్మ ఒక్కతే నాతో రావాలి. చెల్లి మా ఇద్దరినీ చూసి, లాబ్‌కి ఫోన్ చేసి ఏదో చెప్పి, తనూ ఎక్కి కూర్చుంది. ఎక్కమని మేము అడగలేదు. అడిగే ధైర్యం కూడా లేదు.

టెక్కలి దాటాక నాకు ఒళ్ళంతా మంటలు పుట్టాయి, వాంతి అయింది. ఆ సూది వేస్తే వేడి చేసినట్టు ఉంటుంది, భయపడకప్పా అంటూ కవరు పట్టుకుంది, మూతి తుడిచింది. అప్పుడు తన చూపు నా కాళ్ళ మీద పడింది. పట్టీలు వాచిన చీలమండల్లోకి దిగిపోయి ఉన్నాయి. మెట్టెల చుట్టూ చర్మం నల్లబడింది. నా రెండు కాళ్ళూ ఎత్తి తన ఒళ్ళో పెట్టుకుంది. వద్దమ్మా, కాళ్ళు తగలకూడదు అంటున్నా వినలేదు. పట్టీలు విప్పింది. మెట్టెలు రావడం లేదు. అంబులెన్సులో చేతులకి రాసుకునే జెల్ ఉంటే అది రాసి, బండి కుదుపుల్లో, వేలు నొప్పి పుట్టకుండా ఒక్కొక్కటే తిప్పుతూ తిప్పుతూ తీసింది. అమ్మ మెట్టెలు తీయకూడదే అంటూ అడ్డం పడింది. "మళ్ళీ మీ చేత్తోనే తొడుగుదురు గానీ, ముందు అప్ప కాళ్ళకి రక్తం ఆడనీ" అని అన్నీ తన చేతిరుమాల్లో మూటకట్టి అమ్మ చేతిలో పెట్టింది.

నేను అప్పటిదాకా ఏడవలేదు. నొప్పికి ఏడవలేదు, భయానికి ఏడవలేదు. ముక్కూ మొహం తెలియని పిల్ల ఒళ్ళో నా వాచిపోయిన కాళ్ళు చూసుకున్నాక ఇంక ఆపుకోలేకపోయాను. మడపాం టోల్ గేటు దాకా ఏడుస్తూనే ఉన్నాను. తను ఏమీ అనలేదు. పాదాలు నిమురుతూ కూర్చుంది. ఇప్పుడు ఇది రాస్తున్నా కళ్ళు నిండుతున్నాయి.

శ్రీకాకుళంలో దిగగానే డాక్టర్లకి రిపోర్టు చూపించి, ఏ టైముకి ఏ సూది వేశారో, బీపీ ఎప్పుడెంత ఉందో చేతి మీద పెన్నుతో రాసుకున్నవి చదివి వినిపించింది. అమ్మకి చదువు రాదు. నాకు తల ఎత్తే ఓపిక లేదు. తను లేకపోతే ఆ వివరాలు ఎవరు చెప్పేవారు? రాత్రంతా బయట మెట్ల మీద అమ్మతోనే ఉంది. తెల్లారాక మా ఆయన వచ్చే వరకూ ఆగి, బస్సెక్కి వెళ్ళిపోయింది. డబ్బులివ్వబోతే చేతులు వెనక్కి పెట్టేసుకుందట. చార్జీకి కూడా తీసుకోలేదు. ఆ లాబ్ నడిపే సార్‌కి నా విన్నపం, పని మధ్యలో వచ్చేసినందుకు ఆ అమ్మాయి జీతం కోయకండి. ఆ డబ్బు ఎంతైనా మేము ఇచ్చుకుంటాం.

నాకు వచ్చింది ప్రీఎక్లాంప్సియా, చెల్లి చెప్పిన ఆ కడుపుతో ఉన్నప్పటి బీపీ జబ్బే. ఇరవై వారాలు దాటాక బీపీ 140/90 కి చేరిందంటే జాగ్రత్త పడాలట. 160/110 కి చేరితే అది అత్యవసరం. లివరు, ప్లేట్‌లెట్లు కూడా దెబ్బతినొచ్చు, నా డొక్క నొప్పి గ్యాస్ కాదు, లివరుదేనట. ఫిట్స్ వచ్చాయంటే, మా నాయనమ్మ వాళ్ళు గుర్రపువాతం అనేవారే, అదే. కాన్పు అవడం ఒక్కటే దీనికి అసలు విరుగుడు. అందుకని బిడ్డ ఊపిరితిత్తుల కోసం పన్నెండు గంటలకొకటి చొప్పున నాలుగు సూదులు వేసి, నా బీపీ మందులతో ఆపి, ఆ తర్వాత ఆపరేషన్ చేశారు. కాన్పు తర్వాత కూడా ఫిట్స్ రావచ్చని ఒక రోజంతా మెగ్నీషియం ఇస్తూ, ఆ మందు ఎక్కువవుతోందేమోనని గంట గంటకీ మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టి చూశారు. ఇంటికెళ్ళాక కూడా బీపీ చూపించుకుంటూనే ఉండాలి.

ఒక్క మాట మాత్రం కడుపులో పెట్టుకోలేకపోతున్నాను. నా తల్లీ బిడ్డల కార్డు తీసి చూడండి. నెలనెలా బీపీ గడిలో 120/80. ప్రతిసారీ 120/80. చేతికి పట్టీ చుట్టకుండానే ముందు నెలది చూసి రాసేశారు. గర్భిణులకి ప్రతి నెలా 9వ తేదీన ఉచితంగా పరీక్షలు చేయాలని 2016 నుంచీ కార్యక్రమం ఉంది. బీపీ, యూరిన్, రక్తం అందులోనే ఉన్నాయి. వేలు పోసే స్కాన్‌లు కాదు కదా ఇవి. బ్యాటరీ ఎంత? ఆల్బుమిన్ చూసే పుల్ల ఎంత? స్కాన్‌లో బిడ్డ బాగుంది అంటే తల్లి కూడా బాగున్నట్టేనా? తలనొప్పి, మెరుపులు, మొహం వాపు అని నోరు తెరిచి చెప్పినా రాసుకున్నవాళ్ళు లేరు. ఆశా అమ్మల మీద నాకు కోపం లేదు, వాళ్ళ నెత్తిన ఎన్ని పనులున్నాయో మా ఊళ్ళో చూస్తూనే ఉన్నాను. పైనుంచి గడి నిండిందా లేదా అనే అడుగుతారు, గడిలో ఉన్నది నిజమా అని అడగరు. ఉద్దానంలో బీపీ, ప్రొటీన్ అంటే ఏమిటో పసిపిల్లలకి కూడా తెలిసిన చోట ఇలా జరగడం నాకు చాలా బాధగా ఉంది.

కడుపుతో ఉన్న అక్కచెల్లెళ్ళు ఎవరైనా చదువుతుంటే, బీపీ మీ కళ్ళ ముందు చూసి, అంకె మీకు చెప్పి రాయమనండి. సిగ్గుపడకండి.

అయ్యో, మిగతా వాళ్ళు. 108 పైలట్ అన్నకీ, లోపలున్న టెక్నీషియన్ తమ్ముడికీ, గుంతల దగ్గర ఎంత నెమ్మదిగా నడిపారో. బీపీ రెండుసార్లు చూసి డబ్బులు తీసుకోని మందుల షాపు ఆయనకి. మాట సాయం చేసి సూదులు వేసిన ఆ పెద్ద సిస్టర్ గారికి, మీ పేరు అడగలేదు, క్షమించండి. ఆపరేషన్ చేసిన డాక్టరమ్మకి, మత్తు డాక్టరుగారికి, రాత్రి డ్యూటీ సిస్టర్లకి. పక్క మంచం సోంపేట ఆవిడ ఫ్లాస్కులో వేడినీళ్ళు మాకే సగం ఇచ్చేసింది. పాపని గుండెకి ఆనించి కంగారూ పద్ధతిలో ఎలా పట్టుకోవాలో ఓపిగ్గా నేర్పిస్తున్న వార్డు సిస్టర్‌కి. బస్టాండులో చెల్లి స్కూటీ తాళం తీసి లాబ్ దగ్గర పెట్టిన ఆటో అతనికి, ఇది నిన్ననే తెలిసింది. ఇంకా రక్తం ఇవ్వడానికి ఆమదాలవలస నుంచి వచ్చిన మా ఆయన స్నేహితుడి తమ్ముడు. ఆయనకి మేము టీ కూడా ఇవ్వలేదు. నంబరు మా ఆయన ఫోన్లో ఉంది, రేపు పొద్దున్నే నేనే చేసి మాట్లాడతాను.