దాల్చినచెక్క, తేనె: దగ్గు వరకు సరే

సంపాదకుల వారికి,

దాల్చినచెక్క పొడి తేనెలో కలిపి తింటే షుగర్ నుంచి గుండెజబ్బు దాకా అన్నీ తగ్గుతాయని వాట్సాప్‌లో రోజుకో మెసేజ్ వస్తోంది. రాత్రిపూట దగ్గుకు తేనె కాస్త ఉపశమనం ఇస్తుందన్నది నిజమే, నేనూ వాడతాను. కానీ ఏడాది లోపు పిల్లలకు చుక్క కూడా నాకించకూడదు. అందులో బొటులిజం అనే, నరాలను దెబ్బతీసే ప్రమాదకర జబ్బు తెచ్చే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు. మామూలుగా మరిగించినా అవి చావవు. పైగా తేనెలో దాదాపు 80 శాతం చక్కెరలే, అదే షుగర్‌కు మందట!

దాల్చినచెక్కతో రక్తంలో చక్కెర కొంత తగ్గినట్టు కొన్ని పరీక్షల్లో తేలింది, కొన్నింట్లో తేలలేదు. కాసియా అనే రకం దాల్చినచెక్కలో కౌమరిన్ అనే రసాయనం ఎక్కువ. రోజూ చెంచాలకొద్దీ మింగితే కాలేయానికి ముప్పు. వంటలో వేసే చిటికెడుతో భయం లేదు.

ఇలాంటి చిట్కాలు వేసేటప్పుడు మోతాదు ఎంతో, ఎవరు వాడకూడదో కూడా రాయండి. డాక్టరు ఇచ్చిన మాత్రలు మానొద్దన్న ముక్క మరీ ముఖ్యం.

– ఒక పాఠకురాలు