ఆసక్తి సరే, ప్రశ్న ఏది?

సంపాదకునికి,

రాజనీతిశాస్త్రంలో పీహెచ్‌డీ కోసం అమెరికా విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేసే విద్యార్థులకు సిఫారసు లేఖలు రాసే అధ్యాపకుణ్ని నేను. నా దగ్గరకు వచ్చే ఉద్దేశ పత్రాల్లో (ఏం చదవాలనుకుంటున్నారో, ఎందుకో చెప్పే ‘స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్’) చాలావరకు ‘చిన్నప్పటి నుంచీ రాజకీయాలంటే ఆసక్తి’ అనే మొదలవుతాయి. ఆ ఆసక్తి టీకొట్టు దగ్గర కూర్చున్నవారికీ ఉంటుంది. ప్రవేశాల కమిటీ వెతికేది ప్రశ్న కోసం. ‘ప్రజాస్వామ్యంపై పరిశోధిస్తాను’ అంటే ఏమీ చెప్పనట్టే. ఒకే ఎన్నికల చట్టం కింద రెండు ప్రాంతాల్లో పోలింగ్ శాతం ఎందుకు అంత తేడాగా ఉంటుందని అడిగి, దానికి ఏ సమాచారం, ఏ పద్ధతి కావాలో రెండు వాక్యాల్లో రాస్తే, చదివేవారు కళ్లద్దాలు సర్దుకుంటారు.

తులనాత్మక రాజకీయాలా, అంతర్జాతీయ సంబంధాలా, రాజకీయ సిద్ధాంతమా అన్నది తేల్చుకోకుండా, అక్కడి ఆచార్యుల వ్యాసం ఒక్కటైనా చదవకుండా ర్యాంకుల పట్టిక చూసి దరఖాస్తు పెట్టడం ఫీజు దండగ.

డబ్బు సంగతీ చెప్పాలి. పీహెచ్‌డీకి చాలాచోట్ల ట్యూషన్ ఫీజు మాఫీ, నెలవారీ భత్యం దొరుకుతాయి. ఎంఏకు ఎక్కువగా సొంత ఖర్చే. సాయంతో కూడిన సీటు వస్తే ఏప్రిల్ 15 వరకు ఆలోచించుకోవచ్చని అనేక విశ్వవిద్యాలయాలు ఉమ్మడిగా ఒప్పుకున్నాయి. తొందరపెడితే లొంగనక్కర్లేదు.

ఇక నా సొంత మొర. గడువులు ఎక్కువగా డిసెంబరు, జనవరిలో ఉంటాయి. సిఫారసు లేఖ మాత్రం ముందురోజు రాత్రి అడుగుతారు! కనీసం నెల ముందు, రచనా నమూనాతో (దరఖాస్తుకు జతచేసే మీ సొంత వ్యాసం) సహా అడగండి.

— ఒక రాజనీతిశాస్త్ర అధ్యాపకుడు