రాయబారి నాటకానికీ సమీక్ష కావాలి

సంపాదకులకు నమస్కారాలు.

దౌత్యవేత్తగా పదవీ విరమణ చేశాక నాటక రచన, దర్శకత్వం చేపట్టిన ఒకరి గురించి మీ పత్రికలో ఈమధ్య వచ్చిన వ్యాసంలో ఆయన పనిచేసిన దేశాలు, కలిసిన ప్రముఖుల పేర్లు వివరంగా ఉన్నాయి గానీ, ఆయన నాటకం వేదిక మీద ఎలా రక్తికట్టిందో, నటీనటుల చేత ఆయన ఏమి రాబట్టగలిగారో చెప్పే వాక్యం ఒక్కటీ లేదు. మాజీ అధికారి రచనను తీరిక వేళ వ్యాపకంగా భావించి, మర్యాదకు నాలుగు మంచి మాటలు రాసి ఊరుకోవడం పత్రికలకు అలవాటైపోయింది.

ఫ్రెంచి విదేశాంగ శాఖలో పనిచేసిన జాఁ జిరొదూ రాసిన ట్రాయ్ యుద్ధ నాటకం 1935లో పారిస్‌లో ప్రదర్శితమైంది. అందులో బ్యూజిరిస్ అనే అంతర్జాతీయ న్యాయ నిపుణుడు, గ్రీకు నౌకలు వచ్చిన తీరు ట్రాయ్‌కు అవమానకరమని మొదట తేల్చేస్తాడు. అనుకూలమైన అభిప్రాయం ఇవ్వకపోతే ఊరు దాటనివ్వనని ట్రాయ్ రాకుమారుడు హెక్టర్ బెదిరించేసరికి, అదే తీరును గౌరవ వందనంగా నిరూపించే వాదన అతనికి ఇట్టే దొరుకుతుంది. దౌత్య కార్యాలయాల లోగుట్టు తెలిసిన కలం అది. అయినా ఆ సన్నివేశం పండటానికి ఉద్యోగానుభవం ఒక్కటే చాలదు; 1928లో తొలి నాటకం నుంచీ లూయీ జూవే వంటి దర్శకుడితో కలిసి పనిచేయడం వల్ల జిరొదూకు రంగస్థలం పట్టుబడింది.

ఫ్రెంచి కవి, నాటకకర్త పోల్ క్లోదెల్ ఉదాహరణ ఇంకా గట్టిది. 1921 నుంచి 1927 వరకు టోక్యోలో ఫ్రాన్సు రాయబారిగా ఉంటూ ఆయన 'నో' అనే జపాను సంప్రదాయ నాటకాలను శ్రద్ధగా చూశారు. అక్కడ ఉండగానే పూర్తిచేసిన 'శాటిన్ చెప్పు' నాటకం రాతప్రతిలో కొంత భాగం 1923 భూకంపంలో నష్టపోతే మళ్లీ రాశారు. వేదిక వెనుక తెర ఏదో గీసి పడేసినట్టున్నా ఫరవాలేదని, రంగాలంకరణ మార్పులను పనివాళ్లు ప్రేక్షకుల కళ్లెదుటే చేయాలని ఆ నాటకం మొదట్లోనే ఆయన సూచించారు. ప్రోటోకాల్‌తో జీవితం గడిపిన మనిషి ఇలా రాశారంటే నాకు ముచ్చటగా ఉంటుంది. క్లోదెల్ పదవీ విరమణ తర్వాత, 1943లో దర్శకుడు జాఁ లూయీ బారో ఆ నాటకాన్ని పారిస్‌లోని కొమెదీ ఫ్రాంసేజ్ నాటకశాలలో వేసినప్పుడు, తన రచనను కుదించే పనికి క్లోదెల్ స్వయంగా కూర్చున్నారు. రాయబారి హోదా ఆ కోతల నుంచి ఆయనను తప్పించలేదు, తప్పించకూడదు కూడా.

పేరున్న మాజీ అధికారికి ప్రదర్శనశాల, ప్రేక్షకులు, పత్రికలో చోటు సులభంగానే దొరుకుతాయి. ఏ హోదా లేని కొత్త బృందాలు వాటి కోసం ఏళ్ల తరబడి తిరుగుతాయి. కాబట్టి ఇటువంటి వారి ప్రదర్శనను మరింత నిశితంగా చూడటమే న్యాయం. ఆ దర్శకుడి తదుపరి ప్రదర్శనకు నాటక రంగం తెలిసిన విమర్శకుణ్ని పంపి, సంభాషణ, దీపాలంకరణ, పాత్రల కదలికల గురించి రాయించవలసిందిగా కోరుతున్నాను. రెండో అంకం సాగతీతగా ఉంటే ఆ మాటే అచ్చువేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు