షాఫ్ట్స్‌బరీ ప్రభువు పోరాటం, మన సుగ్గి పిల్లలు

అయ్యా,

సుగ్గికి, అంటే పంట పనుల కూలికి వలస, పెద్దల వెంట పిల్లలూ పోతున్నారంటే ‘చట్టం ఉంది కదా’ అనే జవాబు వస్తుంది. చట్టం ఉండగానే పిల్లలు ఎలా చనిపోయారో తెలియాలంటే ఇంగ్లండ్‌లో ఏడో షాఫ్ట్స్‌బరీ ప్రభువు ఆంథొనీ ఆష్లీ కూపర్ (1801–1885) జీవితం చూడాలి.

తరతరాల ప్రభు వంశంలో పుట్టినా ఆయన తల్లిదండ్రుల ఆదరణ ఎరగరు. చిన్నప్పుడు ప్రేమగా చూసింది మరియా మిల్లిస్ అనే పనిమనిషి ఒక్కతే. 1826లో ఎంపీ అయ్యారు. బొగ్గు గనుల్లో గాలి తలుపులు తీస్తూ వేస్తూ అయిదారేళ్ల పిల్లలు చీకట్లో గంటల తరబడి కూర్చుంటున్నారని విచారణ కమిషన్ 1842లో బొమ్మలతో సహా బయటపెట్టింది. పదమూడేళ్లలోపు మగపిల్లల్ని గనిలోకి దింపకూడదని ఆయన బిల్లు పెడితే, గనుల యజమానులైన ప్రభువులు ఎగువ సభలో ఆ వయసును పదికి దించేశారు. తనిఖీకి మొదట వేసింది ఒక్క అధికారినే.

పొగగొట్టాల కథ ఇంకా ఘోరం. ఇరుకు గొట్టాల్లోకి ఎక్కి మసి దులిపే పిల్లల మోకాళ్లూ మోచేతులూ గట్టిపడాలని నిప్పు దగ్గర నిలబెట్టి ఉప్పునీటితో రుద్దేవారు. దీని మీద 1788లో, 1834లో, 1840లో, 1864లో చట్టాలు వచ్చాయి. 1840 నుంచే 21 ఏళ్లలోపు వాళ్లు గొట్టం ఎక్కడం నిషేధం. అయినా 1875లో కేంబ్రిడ్జ్ దగ్గర ఫుల్‌బోర్న్ ఆసుపత్రి పొగగొట్టంలో జార్జ్ బ్రూస్టర్ అనే 11 ఏళ్ల బాబు ఇరుక్కుపోయాడు. గోడ పగలగొట్టి తీశారు గానీ బతకలేదు. షాఫ్ట్స్‌బరీ మళ్లీ బిల్లు పెట్టారు. ఈసారి ఆ పని చేయించేవాడు ఏటా పోలీసుల దగ్గర లైసెన్సు తీసుకోవాల్సిందే అన్నారు. గొట్టాల్లోకి పిల్లల్ని ఎక్కించడం అప్పుడు ఆగింది.

ఆయన అన్నిట్లోనూ గొప్పవారని నేను అనను. సామాన్యులకు ఓటు హక్కు పెంచడాన్ని వ్యతిరేకించారు. మిల్లు పిల్లల కోసం కూడా పోరాడిన ఆయన్ని ‘మిల్లుల సంగతి సరే, మీ నాన్నగారి పొలాల్లో కూలీల గతేమిటి?’ అని ప్రత్యర్థులు అడిగితే సమాధానం కష్టమైంది. కానీ 1851లో ఎస్టేటు చేతికొచ్చాక అప్పుల్లో ఉండి కూడా ఆ కూలీలకు ఇళ్లు కట్టించారు. మన దేశంలోని మిల్లు పిల్లల గురించి కూడా ప్రభువుల సభలో గొంతెత్తారు. మన మిల్లుల పోటీ తగ్గాలనే ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లు యజమానుల స్వార్థమూ కలిసిందనుకోండి, 1881లో మనకు మొదటి ఫ్యాక్టరీ చట్టం వచ్చింది.

ఇక మా ఆదోని ప్రాంతానికి వస్తాను. ఏటా కుటుంబాలు సుగ్గికి పోతాయి. పత్తి తీయడానికి, మిరప కోయడానికి పిల్లలూ వెంట పోతారు, బడిలో బెంచీలు ఖాళీ అవుతాయి. బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణతో పద్నాలుగేళ్లలోపు పిల్లల చేత ఏ పనీ చేయించకూడదు. బడి అయ్యాకో సెలవుల్లోనో ప్రమాదం లేని సొంత కుటుంబ పనిలో సాయం చేయడానికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. ఆ మాట పట్టుకుని ‘తల్లిదండ్రులకు సాయం చేస్తున్నారంతే’ అంటారు. పరాయి రైతు పొలంలో, బడి వేళలో పత్తి తీయడం కుటుంబ పని ఎలా అవుతుందండీ?

కూలీలను తీసుకుపోయే మేస్త్రీలందరి పేర్లూ సీజన్‌కు ముందే కార్మిక శాఖ నమోదు చేయాలి. ఎవరి ముఠాలో బడి ఈడు పిల్లలు పని చేస్తూ కనిపించినా ఆ నమోదు రద్దు చేయాలి. వలస పోయేవారి పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునే సీజనల్ హాస్టళ్లు లారీలు కదిలాక కాదు, కదలక ముందే తెరవాలి. ఎన్ని పొలాల్లో తనిఖీ చేశారో, ఎందరి మీద కేసు పెట్టారో మండలాలవారీగా ఏటా ప్రకటించాలి. ఈ వివరాలు మీ పత్రిక అడిగి ప్రచురించాలని కోరుతున్నాను.

– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, ఆదోని